స్కాటిష్ పార్లమెంటులో మా లంచ్ క్లబ్ మీద ఒక మోషన్: నా అనుభవం

మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన మెసేజ్ ఇది: “స్కాటిష్ పార్లమెంటు మన అమ్మాయి నడిపే లంచ్ క్లబ్బును ఘనంగా సన్మానించింది.” కింద చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. క్లబ్బు నేను నడపను, అందులో పనిచేస్తాను. పార్లమెంటు సన్మానమూ చేయలేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అసలు జరిగింది రాసేస్తున్నాను. తమ సంఘానికో, తమకు తెలిసిన పెద్దవాళ్లకో ఇలాంటిది చేయించాలనుకునేవాళ్లకు పనికొస్తుంది కూడా.

జరిగింది ఇంతే. ఒక సభ్యురాలు మా క్లబ్బును అభినందిస్తూ మోషన్, అంటే తీర్మాన ప్రతిపాదన, దాఖలు చేశారు. ఇంకొందరు సభ్యులు దానికి మద్దతుగా తమ పేర్లు చేర్చారు. చర్చ లేదు, ఓటింగ్ లేదు, సభలో ఎవరూ పైకి చదవలేదు. తీర్మానం అనగానే మనకు అసెంబ్లీ గుర్తొస్తుంది. పి.వి. నరసింహారావుకు భారతరత్న ఇవ్వాలని 2020 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ చేసిందే చూడండి: ముఖ్యమంత్రి ప్రవేశపెట్టారు, సభ ఆమోదించింది. ఇక్కడి అభినందన మోషన్లలో చాలావాటికి ఆ ఆమోదం అనే మెట్టే ఉండదు. దాఖలవుతాయి, అచ్చవుతాయి, కింద పేర్లు చేరతాయి. ఆ మాత్రం దానికి మా కమిటీ వేసవికి ముందు నుంచి ఎన్ని వాదోపవాదాలు పడిందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మేముండేది గ్లాస్గోలో. ఒక చర్చి హాల్లో వారానికోసారి పెద్దవాళ్లకు మధ్యాహ్నం భోజనం పెడతాం. దీన్ని మొదలుపెట్టినావిడ ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో డిస్ట్రిక్ట్ నర్సు, అంటే ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి ఇంజెక్షన్లు ఇచ్చే నర్సు. పుండు మానుతున్నా మనిషి మాత్రం నీరసించిపోతుండటం చాలా ఇళ్లలో చూశారట. వారమంతా తలుపు తట్టేది తనొక్కతే అని అర్థమయ్యాక చర్చివాళ్లను హాలు అడిగారు. మొదట్లో సూపు, బ్రెడ్డు, టీ. చుట్టుపక్కల మన దేశాలవాళ్లు పెరిగాక కొన్ని వారాలు పప్పూ అన్నం కూడా వచ్చి చేరాయి. నేను గిన్నెలు కడగడానికి చేరాను. రాతకోతలు వచ్చని తెలిశాక సెక్రటరీ పని అంటగట్టారు.

క్లబ్బుకు 25 ఏళ్లు నిండే ఏడాదే ఆవిడ బాధ్యతల నుంచి తప్పుకుంటానన్నారు. సన్మానం, పూలగుత్తి, ప్రసంగాలు అంటే ఆ రోజుకు ఆవిడ జ్వరం తెచ్చుకుంటారని మాకందరికీ తెలుసు. ఏం చేద్దామా అని తర్జనభర్జన పడుతుంటే ఒక వలంటీరు అమ్మాయి, వాళ్ల నాన్న పిల్లలకు కోచింగ్ ఇచ్చే ఫుట్‌బాల్ జట్టు మీద పార్లమెంటులో మోషన్ పెట్టారనీ మనమూ అడుగుదామనీ అంది.

మా ట్రెజరర్ గారికి ఇది అస్సలు నచ్చలేదు. ఆయన తెలుగువారే, బ్యాంకులో రిటైరయ్యారు. “పైసా రాదు, పెట్టకపోతే పనీ ఆగదు. దీనికెందుకమ్మా ఇంత టెన్షన్?” అన్నారు. పైగా ఇంటికెళ్లి చదువుకుని మరీ వచ్చారు. లండన్ పార్లమెంటులో ఇలాంటివాటిని ఎర్లీ డే మోషన్లంటారు. త్వరలో ఒక రోజు చర్చిద్దామని అడిగే రూపంలో ఉంటాయి, ఆ రోజు దాదాపు ఎప్పటికీ రాదు. పావురాలను బాంబులుగా వాడాలని ఒకప్పుడు గూఢచారి విభాగం ఆలోచించిందని 2004లో బయటపడితే, టోనీ బ్యాంక్స్ అనే ఎంపీ మనుషులంత క్రూరమైన జాతి లేదనీ, ఏదో ఒక గ్రహశకలం వచ్చి గుద్ది వాళ్లను తుడిచిపెట్టే రోజు కోసం సభ ఎదురుచూస్తోందనీ ఒకటి పెట్టారు. “ఇలాంటివాటి వరసలోనా మన క్లబ్బు?” అన్నారు ట్రెజరర్ గారు.

అక్కడే సూపు తాగుతున్న ఒక పెద్దాయన తల ఎత్తారు. క్లైడ్ నది ఒడ్డున ఓడల యార్డులో పనిచేసిన మనిషి. ఆ కాగితాన్ని తక్కువ చేసి మాట్లాడకండి, దానితో ప్రభుత్వమే పడిపోయిందన్నారు. ఆయన చెప్పింది 1979 సంగతి. ఆ ఏడాది మార్చి 1న స్కాట్లాండుకు సొంత శాసనసభ కావాలా అని రెఫరెండం పెట్టారు. ఓటేసినవాళ్లలో 51.6 శాతం కావాలన్నారు. కానీ మొత్తం ఓటర్లలో 40 శాతం మంది అవుననాలని షరతు ఉండటంతో అది వీగిపోయింది. ఆ గొడవల్లోనే మార్చి 22న ప్రతిపక్ష నాయకురాలు మార్గరెట్ థాచర్, ప్రధాని కాలహాన్ ప్రభుత్వం మీద అవిశ్వాసం అంటూ లండన్ పార్లమెంటులో ఎర్లీ డే మోషన్ పెట్టారు. 28న చర్చకొచ్చింది. 311కు 310. ఒక్క ఓటుతో కాలహాన్ ప్రభుత్వం పోయింది. స్కాట్లాండుకు పార్లమెంటు రావడానికి మాత్రం ఇంకో రెఫరెండం, ఇంకో ఇరవై ఏళ్లు పట్టాయి.

“అది అవిశ్వాసం. మనది సూపు” అన్నారు ట్రెజరర్ గారు. అయినా ఓటింగులో ఓడిపోయారు.

ఎవరిని అడగాలన్నది తర్వాతి తలనొప్పి. స్కాటిష్ పార్లమెంటులో 129 మంది సభ్యులు. 73 మంది నియోజకవర్గాల నుంచి, మిగతా 56 మంది ఎనిమిది ప్రాంతాల నుంచి ఏడుగురు చొప్పున వస్తారు. అంటే ఇక్కడ ప్రతి మనిషికీ ఎనిమిది మంది ప్రతినిధులు, వాళ్లలో వేరువేరు పార్టీలవాళ్లు. ఏ ఒక్కరి దగ్గరికి వెళ్లినా “ఓహో, మీరు వాళ్ల మనుషులా” అనిపించుకుంటామని కమిటీలో భయం. మాది రిజిస్టరైన చారిటీ. స్కాట్లాండులో 2005 నాటి చారిటీ చట్టం ప్రకారం ఒక రాజకీయ పార్టీని ముందుకు తేవడం చారిటీ ఉద్దేశాల్లో ఉండకూడదు. అభినందన మోషన్ అడగడం దాని కిందికి రాదు గానీ, అలా కనిపించకుండా చూసుకోవడం మా పని. అందుకని నియోజకవర్గం సభ్యురాలిని దాఖలు చేయమని అడిగి, అదే రోజు మిగతా ఏడుగురికీ ఆ సంగతి తెలుపుతూ ఒకే ఉత్తరం పంపాం. ఎవరైనా ఇది చేయబోతుంటే ఈ ఒక్క పనీ మానకండి. తర్వాత వేరువేరు పార్టీల మద్దతు రావడానికి ఆ ఉత్తరమే దారి వేసింది.

ప్రజాప్రతినిధులు జనాన్ని కలిసే వేళను ఇక్కడ సర్జరీ అంటారు. మంగళ, బుధ, గురువారాలు సభ ఉంటుంది కాబట్టి ఇవి ఎక్కువగా సోమ, శుక్రవారాల్లో పెట్టుకుంటారు. మా ముందు ఒకావిడ ఇంట్లో బూజు పట్టిన గోడల ఫోటోలతో కూర్చుంది. ఆవిడ తర్వాత వెళ్లి మాకో ప్రశంస కావాలని అడగడం కొంచెం సిగ్గనిపించింది. సభ్యురాలు మాత్రం విసుక్కోకుండా విన్నారు. సరేనని, ఇక మీదట తన ఆఫీసు కుర్రాడితో మాట్లాడమన్నారు.

అసలు పని ఆ కుర్రాడితోనే. మేము రాసుకెళ్లిన చిత్తుప్రతి రెండు పేజీలుంది. మోషన్ 250 పదాలు దాటకూడదు. మొదలు నుంచి చివరిదాకా ఒకే వాక్యంగా నడవాలి: ఈ పార్లమెంటు ఫలానావారిని అభినందిస్తోంది, ఫలానాది గమనిస్తోంది, ఫలానాది మెచ్చుకుంటోంది, ఇక ముందు కూడా మంచి జరగాలని కోరుకుంటోంది, అని. మన పెళ్లి శుభలేఖలు ఇంటిపేరు నుంచి బంధుమిత్రుల అభినందనల దాకా ఒకే ఊపులో సాగినట్టన్నమాట.

అతను మా కాగితం మీద పెన్సిలుతో చుట్టిన మొదటి మాట “గ్లాస్గోలోనే మొట్టమొదటి”. మీరు నమ్ముతున్నారు సరే, చూపించడానికి ఏముందని అడిగాడు. ఏమీ లేదు. కొట్టేశాం. “వేలాది మంది ప్రాణాలు నిలిపిన” అన్నది కొట్టేశాం. అది నేనే రాశాను. పొగడ్త మన చేతికి ఎంత సులువుగా వచ్చేస్తుందో అప్పుడు తెలిసింది. రుజువున్నదాన్ని సభ నేరుగా చెప్పొచ్చు, మేము చెప్తే తెలిసినదాన్ని “సభకు తెలిసినంతవరకు” అనే పద్ధతిలో రాయాలి, అభిప్రాయాన్ని అభిప్రాయంగానే చూపించాలి. క్లబ్బు పేరు చారిటీ రిజిస్టరులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలన్నాడు. మేము రోజూ వాడే పేరుకూ రిజిస్టరులో పేరుకూ తేడా ఉందని మాలో సగం మందికి అప్పుడే తెలిసింది.

ఎన్ని భోజనాలు పెట్టారన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ ట్రెజరర్ గారు రంగంలోకి దిగారు. ఏ వారం ఎంతమంది తిన్నారో, బంగాళాదుంపలకు ఎంతయిందో రాసిన పాత రిజిస్టర్లన్నీ ఆయన గ్యారేజీలో ఉన్నాయి. మొదటి కొన్నేళ్లవి దొరకలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాలు మూతపడ్డాక భోజనం డబ్బాలు గుమ్మాల దగ్గర పెట్టి వచ్చిన నెలలకు లెక్కే రాయలేదు. ఆయన ఆదివారాలన్నీ ఆ పుస్తకాల ముందే గడిపారు. చివరికి మొత్తం అంకె వేయడానికి ఆయనే ఒప్పుకోలేదు. సగం ఊహించి వేసిన లెక్కకు నేను సంతకం పెట్టనన్నారు. ఆ వాక్యంలో అంకె లేకుండా, లాక్‌డౌన్ నెలల్లో కూడా భోజనం ఆగలేదని మాత్రం రాశాం. ఆఫీసు కుర్రాడు ఇదే బాగుందన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది.

పేర్ల దగ్గర మాత్రం గొడవే అయింది. పాతిక ఏళ్లలో వంటచేసినవాళ్లు, వ్యాన్ నడిపినవాళ్లు, కుర్చీలు సర్దినవాళ్లు ఎంతమందో. కమిటీలో ప్రతివాళ్లకూ ఒక జాబితా ఉంది. ఒకావిడ పదేళ్లు సూపు చేసిన తన అక్క పేరు లేకపోతే రాజీనామా చేస్తానన్నారు. 250 పదాల్లో పేర్లు పెడుతూ పోతే ఇక చెప్పాల్సింది మిగలదు. వ్యవస్థాపకురాలి పేరొక్కటే పెడదామంటే ఆవిడే ఒప్పుకోరు. నాకు జీతమిచ్చి నర్సు పని చేయించుకున్నారు, వీళ్లు జీతం లేకుండా గిన్నెలు తోమారు, ఎవరి పేరుండాలో మీరే చెప్పండి అన్నారు. ఆవిడతో వాదించడం కష్టం.

ఇంతలో ఎవరూ అనుకోని చోట నుంచి అసలైన అభ్యంతరం వచ్చింది. వంటగదిలో ఎప్పుడూ నెమ్మదిగా పనిచేసుకుపోయే ఒక వలంటీరు నన్ను పక్కకు పిలిచి, ఈ కాగితం ఇంటర్నెట్‌లో ఉంటుందా అని అడిగింది. ఉంటుంది, ఎవరైనా వెతికితే దొరుకుతుంది, తీసేయడమంటూ ఉండదు అన్నాను. ఆమె ఒక మనిషికి కనబడకుండా బతకడానికి ఈ ఊరికి వచ్చింది. పేరు లేకపోయినా, హాలు పేరూ మేము కలిసే వారమూ రాస్తే చాలు, ఆమె ఎప్పుడు ఎక్కడుంటుందో చెప్పినట్టే. ఎవరి గురించన్నది చెప్పకుండా ఆ రెండూ తీసేయాలని కమిటీని అడిగాను. ఎవరూ కారణం అడగలేదు. గౌరవం చేస్తున్నామనుకునేటప్పుడు ఎదుటివాళ్లకు అది ఇష్టమా అని అడగాలన్న మాట మా ఉత్సాహంలో ఎవరికీ తట్టలేదు. అప్పటి నుంచి పేరుండబోయే ప్రతివాళ్ల దగ్గరా మెయిల్‌లో అంగీకారం తీసుకున్నాం. చివరికి మిగిలిన పేరు ఒక్కటే, వ్యవస్థాపకురాలిది. అది కూడా రెండు షరతుల మీద: అప్పటివాళ్లూ ఇప్పటివాళ్లూ అయిన వలంటీర్లందరి ప్రస్తావన తన పేరుకంటే ముందు రావాలి, వాళ్లలో చనిపోయినవాళ్లను కూడా తలుచుకోవాలి. ఆ రెండో షరతుతో, అక్క పేరు కోసం రాజీనామా చేస్తానన్నావిడ ఇంకేమీ అడగలేదు.

దాఖలు చేయడం సభ్యుల హక్కు, మనం చేసేది కాదు. సభ్యురాలి ఆఫీసు నుంచి అది పార్లమెంటు ఛాంబర్ డెస్కుకు వెళ్తుంది. అక్కడి అధికారులు నియమాలకు సరిపోయిందో లేదో చూస్తారు: పదాల పరిమితి దాటిందా, అభ్యంతరకరమైన భాష ఉందా, చట్టానికి విరుద్ధంగా ఏమైనా ఉందా అని. తర్వాత పార్లమెంటు పనుల వివరాలు అచ్చయ్యే బిజినెస్ బులెటిన్‌లో వస్తుంది. ఆరో సభ కాబట్టి ఎస్6ఎం అని మొదలయ్యే నంబరు ఇచ్చారు. తేదీ విషయంలో ఒక మాట. జూలై, ఆగస్టుల్లో సభకు సెలవులు, అక్టోబరులో మళ్లీ రెండు వారాలు. మీ వేడుక ఆ రోజుల్లో ఉంటే చాలా ముందుగా అడగండి. సభ్యుల ఆఫీసుల్లో ఇల్లు పోయినవాళ్ల కేసులు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల కేసులు ముందుంటాయి, ఉండాలి కూడా.

అచ్చయిన రోజు నుంచి ట్రెజరర్ గారిని పట్టలేకపోయాం. పార్లమెంటు వెబ్‌సైటులో మోషన్ కింద మద్దతు తెలిపిన సభ్యుల పేర్లు కనబడతాయి. ఆయన పొద్దున కాఫీతో ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూసేవారు. “ఇవాళ ఇంకో పార్టీ నుంచి వచ్చారమ్మా” అని ఫోన్. పైసా రాదన్న మనిషి! మేము ఉత్తరం రాసిన ఏడుగురిలో ఒకాయన పేరు ఎంతకీ చేరకపోతే కమిటీలో ఒకరిద్దరికి కోపం వచ్చింది. నాకు రాలేదు. అదే బులెటిన్‌లో ఇంకా ఎన్ని ఉన్నాయో చూస్తే అర్థమవుతుంది: బడుల గెలుపులు, క్రీడా జట్లు, రిటైరవుతున్న ఉద్యోగులు, సంఘాల వార్షికోత్సవాలు. అన్నిటికీ పేరు చేర్చే సభ్యుడి మద్దతుకు విలువెంతో నాకు తెలియదు. నిజం చెప్పాలంటే వీటిలో కొన్ని ఓటర్లను మంచి చేసుకోవడానికి పెట్టినవే అనిపిస్తుంది. మా దగ్గరికీ క్లబ్బులో ఫోటో తీసుకుంటామని అడుగుతూ వచ్చారు. ఎన్నికల కరపత్రంలో వాడకూడదన్న మాట తీసుకుని సరేనన్నాం. ఆ ఫోటోలో వ్యవస్థాపకురాలు లేరు. ఓవెన్‌లో ఏదో మాడిపోతోందని వంటగదిలోకి వెళ్లారు. ఆ రోజు మేము ఓవెన్ వెలిగించనే లేదు.

మోషన్ చర్చకు వచ్చే దారి ఒకటుంది. మెంబర్స్ బిజినెస్ అంటారు. ప్రభుత్వంలో లేని సభ్యులు తాము పెట్టిన మోషన్ మీద చర్చ పెట్టించుకోవచ్చు, దానికి వేరువేరు పార్టీల మద్దతు ఉండాలి. చివర్లో ఒక మంత్రి జవాబిస్తారు, ఓటింగ్ ఉండదు. ఆ చోట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. మాది అంతదూరం వెళ్లదని ముందే చెప్పేశారు. అయినా అదెలా ఉంటుందో చూద్దామని కొందరం రైలెక్కి ఎడిన్‌బరో వెళ్లాం. ఓడల యార్డు పెద్దాయన కూడా వచ్చారు. ఆ భవనం 2004లో ప్రారంభమైంది. గీసిన ఎన్రిక్ మిరాయెస్ అది పూర్తికాకముందే, 2000లోనే చనిపోయారు. మొదట అనుకున్నదానికి ఎన్నో రెట్లు పెరిగి ఖర్చు 41 కోట్ల పౌండ్లు దాటింది. ఆ లెక్కను మెట్లెక్కుతున్నంతసేపూ పెద్దాయన చెప్తూనే ఉన్నారు.

సాయంత్రం 5 గంటలకు డిసిషన్ టైమ్, అంటే ఆ రోజు ఓటింగులన్నీ అప్పుడే. సభ నిండుగా ఉంది. అది అయిపోగానే సభ్యులు లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. మెంబర్స్ బిజినెస్ మొదలయ్యేసరికి కింద ఉన్నవాళ్లకంటే పైన గ్యాలరీలో ఉన్నవాళ్లే ఎక్కువేమో అనిపించింది. చర్చ వేరే ఊరివాళ్ల పని గురించి. మా పక్కన కూర్చున్నవాళ్లు ఆ ఊరి నుంచే వచ్చారు. తమ ఊరి పేరు వినబడ్డప్పుడల్లా ఒకరి మోచేయి ఒకరు పొడుచుకుంటున్నారు. గ్యాలరీలో చప్పట్లు కొట్టకూడదని సిబ్బంది ముందే చెప్పారు, లేకపోతే కొట్టేవాళ్లే. పెద్దాయనకు ఖాళీ కుర్చీలు చూసి బాధేసింది. నాకు మాత్రం ఉండిపోయిన ఆ కొద్దిమంది కాగితాలు చూడకుండా మాట్లాడటం బాగా నచ్చింది. ఆ మాటలన్నీ అధికారిక రికార్డులో అచ్చవుతాయి, కుర్చీలు ఖాళీగా ఉన్న సంగతి అందులో రాదు.

తర్వాత సభ్యురాలి ఆఫీసు మోషన్ ప్రతిని పంపింది. చర్చి హాల్లో తగిలిద్దామని కొందరు, ఫ్రేము కట్టి వ్యవస్థాపకురాలికి ఇద్దామని కొందరు. ఆవిడ దాన్ని ఒకసారి చదివి, చనిపోయినవాళ్ల వాక్యం దగ్గర ఆగి, వాళ్లలో ఇద్దరి ఇళ్లకు కాపీలు పంపమన్నారు. పంపాం. ఒక ఇంటి నుంచి కొడుకు ఫోన్ చేసి, అమ్మ ఇన్నేళ్లు అక్కడ పనిచేసిందని నాకు తెలియదన్నాడు. ఏదో కాలక్షేపానికి భోజనానికి వెళ్తోందనుకున్నాడట.

ట్రెజరర్ గారు ఆ నంబరును ఇంకోచోట వాడారు. ఏటా మా నగర కౌన్సిల్‌కు పెట్టే గ్రాంటు దరఖాస్తులో, స్థానికుల మద్దతుకు ఆధారాలు అన్న గడిలో, మోషన్ నంబరూ మద్దతు తెలిపిన పార్టీల పేర్లూ చక్కగా టైపు చేశారు. అక్కడి ఆఫీసరు నుంచి జవాబు వచ్చింది: చాలా సంతోషం, దయచేసి గత ఏడాది లెక్కలూ వంటగది పరిశుభ్రత సర్టిఫికెట్టూ జతచేయండి. ఆయన ఆ రెండూ అప్పటికే స్కాన్ చేసి పెట్టుకున్నారు.